షోకేసు కాపీ

పోయిన మాఘమాసంలో మా బావకి, అంటే మా పెద్దక్క భర్తకి, ఎనభై ఏళ్లు నిండాయని పిల్లలు అమలాపురంలో ఏసీ హాలు మాట్లాడి పెద్ద వేడుక చేశారు. మోకాళ్లు మొరాయిస్తున్నా, అక్క మొహం చూసైనా వెళ్లకపోతే బాగుండదని నేనూ కారెక్కాను. తీరా వెళ్లి చూద్దును కదా, గుమ్మం దగ్గర్నుంచి భోజనాల దాకా గోడ పొడుగునా బావ కువైట్ స్టూడియో ఫోటోలు పెద్దవి చేయించి, చుట్టూ సీరియల్ లైట్లు వేలాడదీసి వరసగా పెట్టారు. మన ఈడు వాళ్లకి అలాంటివి కంటబడితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? కాఫీ కప్పు పట్టుకుని, ఈయన రాజోలు వాళ్ల అల్లుడు, ఈ కోటు మన స్టూడియో కోటే, ఈ చేతిగడియారం నాదే అని నాలో నేను ముచ్చటపడుతూ ఒక్కొక్కటే చూసుకుంటూ పోతున్నాను.

సరిగ్గా మధ్యలో, మిగతా వాటికి రెట్టింపు కొలతలో, చుట్టూ చామంతులు కట్టి ఒక ఫోటో పెట్టారు. గులాబీరంగు గౌనులో ఒక పొడుగాటి మనిషి, కుర్చీలో ఒక పక్కకి తిరిగి కూర్చుని, పళ్ల మధ్య సందు కనబడేలా నవ్వుతూ ఉంది. కింద అట్ట మీద "కువైట్ పెళ్లికూతురు. తాతయ్య తీసిన ఫోటోలన్నిట్లోకీ గొప్పది" అని రాశారు. నా కాఫీ చొక్కా మీద ఒలికిపోయింది. ఆ ఫోటో తీసింది బావ కాదు, నేను. అందులో ఉన్నది పెళ్లికూతురు కాదు. అసలు ఆ ఫోటో ఈ భూమ్మీద ఉండకూడదు. దాని నెగటివు నా కళ్లెదుటే ముక్కలై నిప్పుల్లో కాలింది, వేసిన ఒక్క ప్రింటూ ఆ మనిషి చేతికే ఇచ్చాను. మరి ఇదెక్కడి నుంచి ఊడిపడింది?

ఇది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి, ఓపిక పట్టండి. బావ నాకు వరసకి బావే గానీ, మా నాన్న పోయాక నన్ను మనిషిని చేసింది ఆయనే. చదువు అబ్బక గోదారి గట్టున జులాయిగా తిరుగుతున్న నన్ను పిలిచి, చేతులు రెండూ నల్లసంచీలో దూర్చి చూడకుండా ఫిల్ము ఎక్కించడం నేర్పాడు. డెబ్బై ఎనిమిదిలో ఆయన కువైట్‌లో స్టూడియో పెట్టాక మొట్టమొదట వీసా పంపింది తన సొంత తమ్ముడికి కాదు, నాకు. ఆ సంగతి నేను ఎన్నడూ మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఈ రోజు ఇంత కడుపుమంట ఉండేది కాదేమో.

స్టూడియో అబూ హలీఫాలో, సముద్రం రోడ్డుకి ఒక సందు ఇవతల ఉండేది. లైసెన్సు కఫీల్, అంటే మాకు పూచీ ఉన్న అరబ్బు, పేరున, చాకిరీ మా ఇద్దరి పేరున. అక్కడ ఉండడానికి కావాల్సిన ఇఖామా కార్డు ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు రోజూ ఉండేవే గానీ, అసలు సందడంతా శుక్రవారం పొద్దున. వఫ్రా తోటల్లో పనిచేసేవాళ్లు ఎవరి బండో బతిమాలుకుని ఎక్కి, తలకి నూనె పెట్టుకుని, ఇంటికి పంపే ఫోటో కోసం వచ్చేవాళ్లు. మా దగ్గరున్నది ఒకే ఒక్క నీలం కోటు. సన్నటివాడు వస్తే వెనకనుంచి బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాళ్లం, లావుపాటివాడు వస్తే వీపున విప్పి ఎదరనుంచి తొడిగేవాళ్లం. చేతికి నా గడియారం, చెవి దగ్గర లైను లేని టెలిఫోను, వెనక పరదా మీద బావ స్వయంగా వేసిన మేడ. మేకలు కాసేవాడు కూడా ఆ అయిదు నిమిషాలూ కంపెనీ మేనేజరు. ఇంటి దగ్గర ఆ ఫోటో చూసి ఎంతమంది తల్లులు నిశ్చింతగా నిద్రపోయారో, ఆ పుణ్యమంతా ఆ కోటుకే చెందుతుంది.

ఇక్కడ మా పని గురించి రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, మా స్టూడియోలో ఎవరూ నల్లగా పడకూడదు. ముఖం మీద లైటు గుమ్మరించి, ఆనక నెగటివు మీద సన్నటి పెన్సిలుతో టచింగు చేసి, ఎంత ఎండకి మాడినవాణ్ణయినా పాలుపోసి కడిగినట్టు తెల్లగా దింపేవాడు బావ. అది ఆయన గొప్పతనమని ఆయనా నమ్మాడు, నేనూ నమ్మాను. రెండోది షోకేసు కాపీ. ఏ ఫోటో అయినా మహా బాగా కుదిరిందనుకోండి, అడక్కుండా, చెప్పకుండా ఒక ప్రింటు ఎక్కువ వేసి, రంగులు అద్ది, రోడ్డు మీది అద్దంలో పెట్టేయడం. ఇది ఆయన ఒక్కడి అలవాటు కాదు, ఆ రోజుల్లో ఏ ఊళ్లో ఏ స్టూడియోకి వెళ్లినా ఇదే తంతు. తన ఫోటో అద్దంలో పెట్టారని గొడవపడ్డవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు, పైగా స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చి చూపించుకునేవాళ్లు. మా అద్దం పడమటి ముఖం. దాని మీద స్టూడియో పేరు అరబ్బీలో పెద్ద అక్షరాలతో పెయింటు చేయించాం. మధ్యాహ్నం ఎండకి షోకేసు ఫోటోల మీద రంగు వెలిసిపోయేది గానీ అక్షరాల నీడ పడ్డచోట వెలిసేది కాదు. దాంతో ప్రతి ఫోటో మీదా మా పేరు అచ్చు పడిపోయేది. "చూశావా, మన స్టాంపు మనకే గుద్దుతున్నాడు సూర్యభగవానుడు" అని బావ నవ్వేవాడు.

మా పక్క సందులో రాయచోటి నుంచి వచ్చిన టైలరు భాయ్ ఉండేవాడు. ఆడవాళ్ల బట్టలు కుట్టడంలో చెయ్యి తిరిగినవాడు, అరబ్బుల ఇళ్లకి వెళ్లి కొలతలు తీసుకునేంత నమ్మకం సంపాదించాడు. ఒక గురువారం సాయంత్రం వచ్చి, గొంతు తగ్గించి, "అన్నా, రేపు మధ్యానం కెమెరా ఎత్తుకోని నాతో రా. యాడికని అడగాకు. సూసినాక ఎవురితోనూ చెప్పాకు" అన్నాడు. నాకు అప్పటికి ఇరవై అయిదేళ్లు దాటి ఉంటాయి, కువైట్‌లో చూడ్డానికి కొత్తదంటూ ఏదైనా ఉందంటే చాలు, కాళ్లు ఆగేవి కావు.

మహబూలాలో ఒక ఇంటి పై అంతస్తు అది. తలుపు తీసిన మనిషి ఆరడుగుల పైన, కారునలుపు, తలకి ఆకుపచ్చ పట్టు చుట్టుకుని, చెవులకి లోలాకులతో, రాజమాతలా నిలబడి ఉంది. ఆ మనిషే మామా. అక్కడ పనిమనుషులు ఇంటి యజమానురాలిని మామా అని పిలుస్తారు కదా, ఇక్కడ వీళ్లంతా తమకంటూ ఒక మామాని పెట్టుకున్నారు. వారంలో మిగతా రోజులు ఆమె చొక్కా, ప్యాంటు, తలకి హెల్మెటుతో ఒక అమెరికా కాంట్రాక్టు కంపెనీ గోదాములో సూపర్‌వైజరు. పుట్టి పెరిగింది న్యూయార్కు. అక్కడ తనలాంటి నల్లవాళ్లు, మగపుట్టుక పుట్టి ఆడమనసు ఉన్నవాళ్లు, ఇంట్లోంచి గెంటేయబడ్డవాళ్లు, ఒక్కొక్క తల్లి నీడన ఒక్కొక్క ఇల్లుగా ఏర్పడి, పెద్ద పెద్ద హాళ్లలో పోటీలు పెట్టుకుంటారని, రాణుల్లా ముస్తాబై నడిచి మార్కులు వేయించుకుంటారని నాకు ఆమే చెప్పింది. ఆ ముచ్చట తీరక, ఎడారిలో కూడా ఒక ఇల్లు కట్టుకుంది. సూడాన్ వాళ్లు, ఎరిత్రియా వాళ్లు, ఒక మంగళూరు వంటవాడు, మా టైలరు భాయ్, అందరూ ఆమెకి కూతుళ్లే.

గది మధ్యలో ఎర్ర తివాచీ పరిచారు. ఒకరి తరవాత ఒకరు నడవాలి, ముగ్గురు కూర్చుని కాగితం ప్లేట్ల మీద అంకెలు రాసి పైకెత్తుతారు. రాణి నడక ఒక పోటీ, ఆఫీసరు నడక ఒక పోటీ. అన్నిటికన్నా అందరం విరగబడి నవ్వింది యజమానురాలి నడకకి. ఒళ్లంతా కప్పే నల్ల అబాయా, నల్ల కళ్లద్దాలు, చేతికి సంచీ తగిలించుకుని, ఎవరి మామా ఎలా వేలెత్తి పనులు పురమాయిస్తుందో అలాగే చేసి చూపించాలి. టైలరు భాయ్ ఆ వేషంలో "యల్లా, యల్లా" అని నన్ను కూడా కసిరి కుర్చీ జరిపించుకున్నాడు, నేను నిజంగానే జరిపాను! మా వైపు నాటకాల్లో సత్యభామ వేషం కట్టే మగవాళ్లని చిన్నప్పట్నుంచీ చూసినవాణ్ణి కాబట్టి నాకు చీదర అనిపించలేదు. కానీ నాటకం అయ్యాక వాళ్లు రంగు కడుక్కుంటే అసలు మనిషి బయటికి వచ్చేవాడు. ఇక్కడ కడుక్కున్నాక అసలు మనిషి లోపలికి పోయేది. అది అర్థం కావడానికి నాకు మూడు నాలుగు శుక్రవారాలు పట్టింది.

నడకలయ్యాక ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఫోటో తీయాలి. మొదటి వారం నా అలవాటు ప్రకారం అందరినీ తెల్లగా దింపి, గొప్పగా పట్టుకెళ్లాను. మామా ఒక్కొక్కటే చూసి, బొత్తి నా చేతిలో పెట్టేసి, "వీళ్లెవరు? నా పిల్లలు ఏరి?" అని అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తరవాత నేర్చుకున్నాను. ముఖం మీద ఎదురు లైటు మానేసి, బాల్కనీ తలుపులోంచి వచ్చే వెలుగుని తెల్ల దుప్పటి మీద పడనిచ్చి, దుప్పటి నుంచి చెంపకి తిప్పాలి. చెంప ఎముక మీద, నుదుటి మీద, చూపుడువేలితో చిటికెడు వాజలీను రాయాలి. అప్పుడు చూడాలి నలుపులో ఎన్ని నలుపులున్నాయో! నేరేడుపండు, కాచిన బెల్లం, తడిసిన రేగడిమట్టి. నెగటివు మీద పెన్సిలు పెట్టడమే మానేశాను. నా జీవితంలో నేను తీసినవంటూ ఏవైనా ఫోటోలు ఉన్నాయంటే అవే.

ఆ ఇంటి కట్టుబాటు ఒక్కటే. రంగు ఫిల్ము బయటి ల్యాబుకి పంపాలి కాబట్టి అది వద్దు, నలుపు తెలుపు ఫిల్మే, నా చేత్తో నేనే కడగాలి, మనిషికి ఒక్క ప్రింటు వేసి రంగులద్దాలి. తరవాతి శుక్రవారం ప్రింటూ నెగటివూ రెండూ తెస్తే, ఎవరి నెగటివు వాళ్లు కత్తిరించి, మామా పెట్టిన ధూపం కుంపటిలో వేసేవాళ్లు. ఆ కంపు పోవడానికి పైన ఊదు ముక్క వేసేవాళ్లు. ఒక్క ఫోటో బయటపడితే ఇఖామా పోతుంది, జైలు, ఆ పైన విమానం. అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనేవారు కాదు.

డార్క్‌రూము వాడుకోవాలంటే బావకి చెప్పక తప్పదు. చెప్పాను. ఆయనకి కాకపోతే ఇంకెవరికి చెబుతాను? "ఒరే, ఎవరి గోల వాళ్లది. మన గడప దాటదు సరేనా?" అని నా తల మీద చెయ్యి పెట్టాడు. మా అక్క మీద ఒట్టేశాడు కూడా. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉంది.

మామా పెద్దకూతురు ఎరిత్రియా నుంచి వచ్చింది. వారంలో ఆరు రోజులూ ఒక పెద్దింట్లో డ్రైవరు, ముగ్గురు పిల్లల్ని బడికి తీసుకెళ్లి తీసుకురావడం పని. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఆమె. నా మనసులో ఎప్పుడూ ఆమే. ఊళ్లో యుద్ధం, వెనక్కి వెళితే తుపాకీ పట్టుకోవాలి లేదా తుపాకీకి ఎదురు నిలబడాలి, మూడో దారి లేదని నవ్వుతూనే చెప్పేది. ఆమె నడుస్తుంటే ప్లేట్లు ఎత్తడం మరిచిపోయేవాళ్లు. నాకు వచ్చీరాని ఇంగ్లీషు, ఆమెకి వచ్చీరాని హిందీ. నాకోసం ఎర్రటి కాఫీ కాచి, చిన్న గిన్నెలో పోసి, నేను తాగేదాకా ఎదురుగా కూర్చునేది. నాకు ఆమె అంటే ప్రాణం. డెబ్బై దాటాక ఇంకా ఎవరికి భయపడి దాచాలి? నా భార్యకి తెలుసు, బతికున్నప్పుడు చెప్పాను, విని ఊరుకుంది. ఆమెకి మాత్రం, అంటే పెద్దకూతురికి, ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకి తెలుసుననే అనుకుంటాను.

ఆ ఫోటో తీసిన రోజు ఆమె పసుపు గౌను వేసుకుంది. ఎవరింట్లోనో పరదాలకి తెచ్చి మిగిల్చిన శాటిన్‌తో టైలరు భాయ్ నెల రోజులు కూర్చుని కుట్టాడు. అలాంటి పసుపు మళ్లీ నేను చూడలేదు, అప్పుడే దంచిన కొమ్ముల పసుపు. పళ్ల మధ్య సందు కనబడుతుందని ఆమె ఫోటోకి ఎప్పుడూ నోరు మూసుకునే కూర్చునేది. ఆ రోజు మామా నా వెనక నిలబడి నా నడక అనుకరించిందట, ఆమె పక్కున నవ్వింది, నేను నొక్కాను. ఆ సాయంత్రం ఫిల్ము కడిగి డార్క్‌రూములో తాడుకి ఆరేసి, అన్నం తినడానికి గదికి వెళ్లాను. తడి నెగటివు మీద కూడా ఆ నవ్వు తెలుస్తూనే ఉంది. తరవాతి వారం ప్రింటు ఆమె చేతికిచ్చాను, నెగటివు కుంపటిలో వేసింది, ఖలాస్ అని చేతులు దులుపుకుంది.

ఆ వేసవిలో అక్క నాకు సంబంధం కుదిర్చింది. రెండు నెలల సెలవు మీద ఇంటికి వచ్చి, పెళ్లి చేసుకుని, కువైట్ తిరిగి వెళ్లాను. వెళ్లిన శుక్రవారమే, అందరికీ పూతరేకులు పట్టుకుని మహబూలా వెళితే, మామా తలుపు సగం తెరిచి అడ్డంగా నిలబడింది. చెవులకి లోలాకులు లేవు. "ఈ ఇంట్లో కెమెరా ఉన్నది నీ ఒక్కడి దగ్గరే" అంది. తలుపు వేసేసింది. పూతరేకుల పొట్లం పట్టుకునే మెట్లు దిగాను.

టైలరు భాయ్ కొట్టుకి పరుగెత్తాను. వాడు మిషను మీద నుంచి తల ఎత్తలేదు. బతిమాలగా బతిమాలగా చెప్పాడు. "ఆ యింటి పిల్లోల్లు ఏదో ఫోటో సూసినారంట అన్నా. మా డ్రైవరు, మా డ్రైవరు అని ఎగురుకుంటా పొయి నాయనకి చెప్పినారంట. వారం తిరక్కముందే యిమానం ఎక్కించినారు. సామాను గూడా సర్దుకోనియ్యలేదంట" అన్నాడు. ఏ ఫోటో, ఎక్కడ చూశారు అంటే వాడికీ తెలీదు. రోజూ బండి అద్దంలో చూసే మొహం కదా, పిల్లలు ఇట్టే పట్టేశారు. పాపం, వాళ్లకి ఆ డ్రైవరంటే ఎంత ఇష్టమో, సంతోషంతోనే చెప్పి ఉంటారు. "నువ్వు చేసుండవని నేను చెప్తి, ఎవురూ ఇనలా" అన్నాడు భాయ్ చివరికి. ఆ తరవాత మామా కూడా ఎక్కువ రోజులు లేదు, ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయిందని విన్నాను. ఎర్ర తివాచీ ఎవరు తీసుకున్నారో తెలీదు.

నేను బావ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నెగటివు కాలిపోయింది, ప్రింటు ఆమె దగ్గరే ఉంది, మరి ఎలా బయటికి వచ్చిందని అడిగిన ప్రశ్నే పదిసార్లు అడిగాను. ఆయన నా వీపు నిమురుతూ, "ఎవడో ఆళ్లలోనే చెప్పుంటాడ్రా. మన దగ్గర ఏవుంది, నెగటివు కాల్చేశారు కదా" అన్నాడు. నాకు స్వయంగా అన్నం కలిపి పెట్టాడు. ఆ తరవాత ఇంకో అయిదారేళ్లు ఆయన పక్కనే పనిచేశాను. ఎనభైల చివర ఇద్దరం ఒకే విమానంలో ఇంటికి తిరిగొచ్చాం. నలభై ఏళ్లుగా ఎక్కడ నల్లగా పొడుగ్గా ఉన్న మనిషి కనబడినా, నన్ను ద్రోహి అనుకునే పోయింది కదా అనిపించేది.

ఇప్పుడు ఫంక్షన్ హాల్లోకి వద్దాం. చొక్కా తుడుచుకుని ఫోటో దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పైకి జరిపి చూశాను. గౌను గులాబీరంగు. ఆ గౌనుని బావ కళ్లారా చూడలేదు, నలుపు తెలుపులో రంగు తెలియదు కదా, పెళ్లికూతురిలా కనబడాలని తనకి నచ్చిన గులాబీ అద్దేశాడు. ముఖం తెల్లబడిపోయి ఉంది. నేరేడుపండు లాంటి ఆ చెంపల్ని అంతా పిండి రాసినట్టు చేశాడు. గౌను కుచ్చెళ్ల మీద, వెలిసిపోయిన గులాబీలో వెలవని ముదురు గులాబీగా, అరబ్బీ అక్షరాలు. మా స్టూడియో పేరు. ఒక పూట కాదు, ఒక వారం కాదు, అంత మచ్చ పడాలంటే నేను సెలవులో ఉన్నన్నాళ్లూ ఆ ఫోటో పడమటి ఎండలో, రోడ్డు మీది అద్దంలో నిలబడి ఉండాలి. నేను అన్నానికి వెళ్లినప్పుడు తాడు మీది నెగటివు తీసి ఒక ప్రింటు ఎక్కువ వేసుకున్నాడన్న మాట. షోకేసు కాపీ!

బావ స్టేజీ మీద పట్టుశాలువాతో కూర్చుని ఉన్నాడు, పక్కనే అక్క. నేను వెళ్లి ఆయన చెవి దగ్గర వంగి, ఆ మధ్య ఫోటో ఎక్కడిదని అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. "ఎంత బాగా వచ్చిందిరా అది! అద్దంలో పెడితే ఆగి చూడని మనిషి లేడు. ఆడోళ్ల ఫోటోలాగే ఉంది కదా, ఎవడికి తెలుస్తుందిలే అనుకున్నాను" అన్నాడు. నా మొహం చూసి, నవ్వు తగ్గించుకున్నాడు. తప్పించుకోలేనని అర్థమైనట్టుంది. "ఆ పిల్లల నాన్న మన కొట్టుకి వచ్చాడ్రా. ఇది మా డ్రైవరేనా అని అడిగాడు. లైసెన్సు తీయించేస్తానన్నాడు. ఏం చెయ్యను, అవునన్నాను."

కాదు అని ఒక్క మాట. ఇదెవరో పెళ్లికూతురు సాబ్, పిల్లలు పొరబడ్డారు అని ఒక్క అబద్ధం. మేకలు కాసేవాణ్ణి మేనేజర్ని చేసి, లైను లేని టెలిఫోను చెవిలో పెట్టి, ముప్ఫై ఊళ్లకి అబద్ధాలు అచ్చేసి పంపిన మనిషికి, ఒక ప్రాణం నిలబడేచోట అబద్ధం నోట రాలేదు. ఆనక నేను ఏడుస్తుంటే నోరు మూసుకుని నాకు అన్నం కలిపి పెట్టాడే, అది ఎలా చేయగలిగాడో నాకు ఎంత ఆలోచించినా అందదు. "అప్పుడే చెబితే నువ్వు నన్ను ఒదిలేసి ఎల్లిపోదువురా" అన్నాడు, నా చెయ్యి పట్టుకుని. నిజమే, వెళ్లిపోదును. అక్క మా ఇద్దరినీ చూసి, ఏదో పాత కువైట్ కబుర్లనుకుని నవ్వుతోంది. ఆవిడ మొహం చూసి, చెయ్యి విడిపించుకుని దిగి వచ్చేశాను. ఆయనకి అక్షింతలు వేయలేదు.

కారు దగ్గరికి బావ మనవరాలు పరుగెత్తుకొచ్చింది. ఫోటోలన్నీ పెద్దవి చేయించి పెట్టింది ఆ పిల్లే. ఏమైంది తాతయ్యా, ఆ ఫోటోలో ఉన్నది ఎవరు అని అడిగింది. మెట్ల మీద కూర్చుని ఉన్నదంతా చెప్పాను. ఇరవై రెండేళ్ల పిల్ల, కళ్లు పెద్దవి చేసుకుని వింటుందనుకుంటే, ఫోను తీసి నాకు చూపించింది. ఏదో పెద్ద నగరం మ్యూజియంలో, పాలరాతి గోడల మీద, నిలువెత్తు ఫోటోలు. మామా లాంటివాళ్లు, ఆమె కూతుళ్లలాంటివాళ్లు, ఆ ముస్తాబులు, ఆ నడకలు, ఆ నలుపుని నలుపుగానే తీసినవాళ్లు ఎవరో! కింద వాళ్ల పేర్లు, వాళ్లే నిలబడి పక్కన నవ్వుతున్నారు. జనం టిక్కెట్టు కొనుక్కుని వరసలో నిలబడి చూస్తున్నారు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మేము వాళ్లని ప్రేమించిన కాలంలో, ప్రేమించిన ఫోటోని కాల్చేయడమే మర్యాద. ఇప్పుడు గోడకి తగిలించడం మర్యాద. ఈ రెండు మర్యాదలకీ మధ్యలో ఎక్కడో మామా పెద్దకూతురు విమానం ఎక్కింది, దిగిందో లేదో కూడా తెలియదు.

మనవరాలు ఎవరినీ అడక్కుండా లోపలికెళ్లి ఆ పెద్ద ఫోటో దించేసింది. గోడ మీద ఖాళీ చుట్టూ చామంతులు అలాగే మిగిలాయి. బావ పెట్టెలో దొరికిన అసలు ప్రింటు, పలకంత కాగితం, కవరులో పెట్టి నా చేతికిచ్చింది. ఇప్పుడది నా బల్ల మీద ఉంది. ఆయన ఆ రోజు దొంగతనం చేయకపోతే ఈ నవ్వు నేను మళ్లీ చూసేవాణ్ణి కాదు. ఆ సంగతి తలుచుకుంటేనే నాకు అన్నిటికన్నా మంట.

కింద ఏం పేరు రాసుకోను తాతయ్యా అని ఆ పిల్ల వెళ్తూ అడిగింది. ఆమె శుక్రవారం పేరు, ఆ ఇంట్లో అందరూ పిలిచే పేరు, నాకు తెలుసు గానీ చెప్పలేదు. ఇక్కడా రాయను. మనిషిని అడక్కుండా అద్దంలో పెట్టడం మా బావ పని. ఒక్కటి మాత్రం రాసుకోమన్నాను. ఆ గౌను గులాబీరంగు కాదమ్మా, పసుపు.